రాజ్యాంగాన్ని ఇన్నిసార్లు సవరించడం వల్ల మనకి మేలు జరిగిందా, చెడు జరిగిందా?

పాలిటీ_నోట్స్:
గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నానండి. సవరణలు బట్టీ కొడుతుంటే ఒక డౌట్ పట్టుకుని వదలట్లేదు. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్‌తో కలిపి 106 అయ్యాయి, అమెరికా వాళ్ళు రెండొందల ఏళ్ళు దాటినా 27తోనే నడుపుకొస్తున్నారు. మా తాతయ్య ఎమర్జెన్సీలో డిగ్రీ చదివారు, గద్దెనెక్కినోడల్లా మార్చుకుంటూ పోతే ఇంక దానికి విలువేముంటుందిరా అంటారు. కానీ నాకు పద్దెనిమిదేళ్ళకే ఓటొచ్చింది 61వ సవరణ వల్లే కదా! మార్కుల కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నా.

కోర్టు_మెట్లు:
మీ తాతయ్యగారి భయం ఊరికే రాలేదు తమ్ముడూ. 1976లో ప్రతిపక్ష నాయకులు చాలామంది జైల్లో ఉండగా 42వ సవరణ పాస్ చేశారు, లోక్‌సభ గడువు అయిదేళ్ళ నుంచి ఆరేళ్ళకి పెంచేసుకున్నారు, పైగా రాజ్యాంగ సవరణని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని కూడా రాసుకున్నారు. ఆ చివరిది సుప్రీంకోర్టు 1980లో మినర్వా మిల్స్ కేసులో కొట్టేసింది. మిగతాది సరిచేసింది మళ్ళీ సవరణే, 1977లో గెలిచిన జనతా ప్రభుత్వం 1978లో తెచ్చిన 44వది. గడువు అయిదేళ్ళకి తెచ్చారు, ‘అంతర్గత కల్లోలం’ పేరుతో ఎమర్జెన్సీ పెట్టే దారి మూసేసి, దేశం లోపలి కారణమైతే ‘సాయుధ తిరుగుబాటు’ ఉంటేనే అన్నారు, ఎమర్జెన్సీలో కూడా ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకీ ఉన్న రక్షణ ఆపడానికి లేదన్నారు. అందుకే నేను లెక్క చూడను, ఆ మార్పుతో ఎవరి చేతికి పవర్ వచ్చింది, అడిగేవాళ్ళ నోరు మూతపడిందా అన్నదే చూస్తా. ఆ 106లో ఎస్సీ ఎస్టీ సీట్ల రిజర్వేషన్ పదేళ్ళకోసారి పొడిగించేవి కూడా ఉన్నాయి, అమెరికా 27లో మద్యం నిషేధించింది ఒకటి, అది ఎత్తేసింది ఇంకొకటి.

మాజీ_వార్డుమెంబర్:
నేను చదువుకున్నది తక్కువ బాబూ, పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లు ఉంచిన 73వ సవరణ మాత్రం నా జీవితంలోకి వచ్చింది. ఆడవాళ్ళ సీటు కాబట్టే నన్ను నిలబెట్టారు, మొదటి ఏడాదంతా మీటింగులకి మా ఆయనే వెళ్ళేవారు నేను ఇంటి దగ్గర సంతకం పెట్టేదాన్ని. తర్వాత మా కాలనీకి కుళాయి లైను రాకపోతే నేనే వెళ్ళి గ్రామసభలో నిలబడి అడిగాను, లైను పడేదాకా అడుగుతూనే ఉన్నా. ఆ సీటే లేకపోతే నన్ను ఎవరు రానిచ్చేవాళ్ళు? కానీ గడువు అయ్యేలోపే ఎన్నికలు పెట్టాలని అందులోనే రాసుంది, మన ఆంధ్రలో 2013 తర్వాత మళ్ళీ పెట్టింది 2021లో. మధ్యలో రెండేళ్ళ పైన స్పెషల్ ఆఫీసర్లే, వీధి లైటు పోతే ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు. రాసింది చెయ్యకపోతే అడిగేదెవరు అన్నదే నా బాధ.

జోన్_లోకల్:
అమ్మ చెప్పింది కరెక్టు. కొలువులల్ల, చదువులల్ల లోకలోళ్ళకు వాటా ఇచ్చే 371డి ఆర్టికల్ ఎవరూ ఎత్తలేదేంది? 1969ల తెలంగాణ ఉద్యమం, 1972ల జై ఆంధ్ర, ఆ రెండు గొడవల తర్వాత ఆరు సూత్రాల ఒప్పందం, దాని కోసం 371డి తెచ్చిన 32వ సవరణ. తమ్ముడూ నువ్వు అప్లికేషన్ల లోకల్ అని రాసుకునేది దానివల్లనే. అయినా నాన్‌లోకల్స్‌ని రూల్‌కి వ్యతిరేకంగా తీసుకున్నరని 1985ల సర్కారే 610 జీవో ఇచ్చి వాపస్ పంపాలన్నది, గడువు పెట్టినా ఏండ్లకేండ్లు అమలు కాలే. ఆ మంట ఎక్కడిదాకా పోయిందో అందరం చూసినం. సవరణ తప్పు కాదు, దాన్ని పక్కన పెట్టుడు తప్పు.

పాలిటీ_నోట్స్:
అందరికీ థాంక్సండి. 44వ సవరణ గురించి రాత్రి తాతయ్యకి చదివి వినిపించా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఒకటే అన్నారు, 1977లో మన రాష్ట్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది, నంద్యాలలో సంజీవరెడ్డి ఒక్కరే జనతా నుంచి గెలిచారు, ఆ 44 మన ఓటుతో వచ్చింది కాదురా, ఉత్తరాది వాళ్ళ ఓటుతో వచ్చింది అని. మరి మీరెవరికి వేశారు తాతయ్యా అంటే, చెప్పలేదు.