ఇంత ఘోరం జరిగిన వారం మీ సంఘంలో ఆదివారం ఎలా గడిచింది?

వెనకబెంచీ (సోమవారం, రాత్రి 9:12)
అందరికీ వందనాలు. నిన్నటి ఆరాధన మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నా. వారమంతా టీవీలో కూలిన ఇళ్లు, దుమ్ములోంచి పైకి తీస్తున్న పిల్లలు. ఆదివారం చర్చికి వెళ్తే ప్రకటనల్లో ముందు యౌవనస్థుల రిట్రీట్ ఫీజు, తర్వాత పార్కింగ్ గొడవ, ఆఖర్న "భూకంపం వచ్చిన చోట ఉన్నవాళ్లను కూడా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి". అంతే. ఆ మాట పూర్తవకముందే డ్రమ్స్ మొదలు, చప్పట్ల పాట. నా పక్కనున్న పెద్దావిడ చప్పట్లకని చేతులెత్తి, మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నారు.

ఆరాధన క్రమం చూసే కమిటీలో నేనూ ఉన్నా, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. మూడు విషయాలు చెప్పండి. ఇలాంటి వారం క్రమం మారుస్తారా? కానుక పడితే ఎవరి చేత పంపుతారు? సండే స్కూల్ పిల్లలు "దేవుడు ఎందుకు ఆపలేదు" అంటే ఏమంటారు? మా స్త్రీల సమాజం వాళ్లు బట్టలు పోగుచేస్తున్నారు, దాని గురించి కూడా.

డ్రమ్స్ తమ్ముడు (సోమవారం, రాత్రి 9:31)
ఏం జరిగినా డ్రమ్స్ మీదే పడతారేంటక్కా? పాటల లిస్టు గురువారం వస్తుంది, శనివారం ప్రాక్టీసు. ప్రకటనల్లో ఏం చదువుతారో మాకెవరు చెప్తారు? నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అందులో టిక్కు టిక్కు అని క్లిక్ నడుస్తుంటుంది. పాస్టరుగారి మాట సగం వినపడదు. లీడరు చెయ్యి ఊపితే మొదలుపెట్టాలి, పెట్టాను. మీ చర్చి కాదనుకోండి, మా దగ్గర కూడా అచ్చం ఇదే జరిగింది, తర్వాత అందరూ నన్నే గుర్రుగా చూశారు.

బూరధ్వని (సోమవారం, రాత్రి 10:05)
ప్రైజ్ ద లార్డ్. పాటలు, డ్రమ్స్ కాదు ఇక్కడ విషయం. మత్తయి 24:7 చదవండి, భూకంపాలు వస్తాయని ముందే రాసి ఉంది. ఆ దేశం ఎలాంటి దేశమో, అక్కడ ఏం పూజించేవారో కూడా చూడండి. సంఘం చేయాల్సింది ఒక్కటే: మారుమనస్సు ప్రకటించడం.

నిజం చెప్తా (సోమవారం, రాత్రి 10:19)
అదే బైబిల్లో లూకా 13 కూడా ఉంది బ్రదర్. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదు అన్నది ఎవరు?

బూరధ్వని (సోమవారం, రాత్రి 10:24)
ఆ వెంటనే ఉన్న మాట మింగేశారే. మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారని ఉంది.

నిజం చెప్తా (సోమవారం, రాత్రి 10:30)
"మీరందరూ" అంటే ఎవరు? ఎదురుగా నిలబడి వింటున్నవాళ్లు. గోపురం కింద పడ్డవాళ్లు కాదు. అంటే ఆ మాట ఇప్పుడు మీకూ నాకూ తగలాలి, మీరేమో దాన్ని శవాల మీదికి విసురుతున్నారు. ఇంకోటి చెప్తా వినండి. నేపాల్లో చాలా సంఘాలు కూడుకునేది శనివారం, అక్కడ సెలవు ఆ రోజే. 2015 ఏప్రిల్ 25 భూకంపం శనివారం మధ్యాహ్నం ముందే వచ్చింది. ఆరాధనలో ఉన్నవాళ్ల మీదే పైకప్పులు పడ్డాయి. వాళ్లేం పూజిస్తున్నారంటారు?

పాతపుస్తకం (సోమవారం, రాత్రి 11:02)
థియాలజీ చదివినవాడిగా, ఇరవై ఏళ్లు సంఘ చరిత్ర బోధించినవాడిగా ఒక మాట. ఇది కొత్త గొడవేం కాదు. 1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, లిస్బన్ నగరంలో జనం గుళ్లలో ఉండగా భూకంపం వచ్చింది. పండుగ కొవ్వొత్తులు పడి నిప్పంటుకుంది, వెనకే సముద్రం పైకొచ్చింది. ఇది తీర్పు అని బోధించినవాళ్లు అప్పుడూ ఉన్నారు. యూరప్‌లో ఎందరో మేధావులు దేవుని మంచితనాన్నే నిలదీసింది ఆ తర్వాతే. ప్రసంగం తొందరపడితే ఎంత పోతుందో అక్కడ చూడొచ్చు. వివరంగా కావాలంటే నా పాత పోస్టులు వెతుక్కోండి.

రిలీఫ్ సీనియర్ (మంగళవారం, ఉదయం 6:40)
బట్టలు వద్దు. వద్దు. వద్దు.

17 ఏళ్లు విపత్తు సహాయంలో పనిచేశాను, గోదాముల్లో నిద్రపోయాను, కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటా. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌కి జనం చలికోట్లు పంపారు. ఆ ఉక్కపోత దేశానికి! బట్టల కట్టలు విమానాశ్రయంలో పేరుకుపోయి, నిజంగా పనికొచ్చే సరుకు తెచ్చిన విమానానికి దిగే చోటు లేకుండా పోయింది. 2004 సునామీ తర్వాత ఇండోనేషియా తీరంలో పడేసిన బట్టలు కుళ్లిపోతే చివరికి తగలబెట్టారు. మనం పంపిన ప్రతి కట్టనీ అక్కడ ఒక మనిషి దించాలి, విప్పాలి, ఏరాలి. ఆ మనిషికి అప్పుడు వేరే పని ఉంటుంది.

శిథిలాల కిందనుంచి ఎక్కువమందిని బయటికి తీసేది మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇరుగుపొరుగువాళ్లే. తర్వాత వాళ్లకి కావలసింది రోజురోజుకీ మారిపోతుంది. డబ్బయితే దానితోపాటు మారుతుంది, చొక్కా మారదు. అక్కడి దుకాణాలు మళ్లీ తెరుచుకోవాలన్నా డబ్బే కావాలి.

సమాజం సెక్రటరీ (మంగళవారం, ఉదయం 11:15)
రిలీఫ్ సీనియర్ గారూ, మీ అనుభవానికి దండం. వెనకబెంచీ చెప్పిన స్త్రీల సమాజం మాదే, ఈ కట్టలు కట్టింది మేమే. రెండు రాత్రులు కూర్చుని మడతపెట్టాం, బొత్తాలు ఊడిపోయినవి కుట్టాం. మా సంఘంలో ఒక విధవరాలు, ఇవ్వడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. భర్త కోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన పోయి ఏడాది కాలేదు. జేబులో మడతపెట్టిన చేతిరుమాలు అలాగే ఉంది. ఆమెకి "వద్దు, డబ్బు తీసుకురా" అని మీరొచ్చి చెప్తారా?

రిలీఫ్ సీనియర్ (మంగళవారం, ఉదయం 11:22)
జేబులో రుమాలు ఉందంటే సరిగా ఏరలేదనే కదా అర్థం.

సమాజం సెక్రటరీ (మంగళవారం, ఉదయం 11:24)
మీకు తల్లి ఉందా అసలు?

డ్రమ్స్ తమ్ముడు (మంగళవారం, ఉదయం 11:40)
అన్నా, అంత మాట అనకుండా ఉండాల్సింది.

రిలీఫ్ సీనియర్ (మంగళవారం, ఉదయం 11:58)
మెత్తగా చెబితే ఎవరూ వినరు తమ్ముడూ, 17 ఏళ్లలో నేర్చుకున్నది అదే. ఇస్తే మనకి హాయిగా ఉండటం వేరు, తీసుకున్నవాడికి పనికిరావడం వేరు.

గుడ్డిగవ్వ (మంగళవారం, మధ్యాహ్నం 1:10)
సీనియర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. మా దగ్గర పోగైన బట్టల్లో ఒంటి బూటు వచ్చింది. ఒక్కటే. రెండోది ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి.

సమాజం సెక్రటరీ (మంగళవారం, మధ్యాహ్నం 1:14)
మా దాంట్లో ఒంటి బూట్లు లేవు.

ట్రెజరర్ మాజీ (మంగళవారం, మధ్యాహ్నం 3:30)
డబ్బు పంపండి, డబ్బు పంపండి అంటున్నారు. డబ్బు ఏమవుతుందో నన్నడగండి. కొన్నేళ్ల కిందట ఒక తుపాను బాధితుల కోసమని మా సంఘంలో ప్రత్యేక కానుక ఎత్తారు. నిండా పడింది. సాధారణ ఖాతాలో వేశారు, "తర్వాత చూద్దాం" అన్నారు. నాలుగు నెలలకి కొత్త స్పీకర్లు వచ్చాయి. అడిగితే అందులో సగం అభివృద్ధి నిధికి మళ్లించాం, అది కూడా దేవుని పనే అన్నారు. ఆ వారమే లెక్కల పుస్తకం ఇచ్చేసి బయటికొచ్చాను. ఇప్పటికీ ఆ స్పీకర్లలో పాట వింటుంటే కడుపులో తిప్పుతుంది.

పౌలు యెరూషలేము పేదలకు కానుక తీసుకెళ్లేటప్పుడు ఒంటరిగా మోసుకుపోలేదు. మీరు ఎవరిని యోగ్యులని అనుకుంటారో వాళ్లచేతే పంపుతానని 1 కొరింథీ 16లో రాశాడు. అపొస్తలుల కార్యములు 20:4లో ఆయన వెంట వెళ్లిన ఏడుగురి పేర్లున్నాయి, ఆ డబ్బుకి కాపలాగా సంఘాలు పంపినవాళ్లే అంటారు. అపొస్తలుడికే ఏడుగురు సాక్షులుంటే మా చర్చిలో ఒక్క సంతకం.

బూరధ్వని (మంగళవారం, సాయంత్రం 4:02)
ఆ కానుక విశ్వాసులకే వెళ్లిందని కూడా చెప్పండి. గలతీ 6:10లో విశేషంగా విశ్వాసగృహానికి చెందినవాళ్లకు అని ఉంది. అందరికీ పంచమని లేదు.

నిజం చెప్తా (మంగళవారం, సాయంత్రం 4:09)
అదే వచనంలో "అందరియెడలను" అనే మాట ముందుంది! మీ బైబిల్లో సగం సగం వచనాలే అచ్చేశారా?

పాతపుస్తకం (మంగళవారం, సాయంత్రం 5:20)
రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ్యాన్ని వ్యతిరేకించినవాడు. 362 ప్రాంతంలో తన పూజారి ఒకాయనకు ఉత్తరం రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని అలా పిలిచేవాడు) తమ పేదల్నే కాదు మన పేదల్ని కూడా పోషిస్తున్నారు, మనకిది సిగ్గుచేటు అని వాపోయాడు. శత్రువు ఇచ్చిన సర్టిఫికెట్ కంటే పెద్దదేముంటుంది. ఇక అంతియొకయ సంగతి చూడండి. కరువు వస్తుందని అగబు ప్రవచిస్తే యూదయకి బర్నబా, సౌలు (అంటే పౌలే) చేత సహాయం పంపిన సంఘం అది. ఇప్పుడు దాని పేరు అంతాక్యా, టర్కీలో ఉంది. 2023 ఫిబ్రవరి 6 భూకంపంలో దాదాపు నేలమట్టమైంది, పౌలు పేరున్న గుడి కూడా కూలింది. ఒకప్పుడు పంపిన ఊరు చెయ్యి చాచాల్సి వచ్చింది. దీనిమీద నేను ఒక ప్రసంగం చేశాను, మంచి స్పందన వచ్చింది.

మూడో వరస (మంగళవారం, రాత్రి 8:47)
ఎప్పుడూ చదవడమే కానీ ఇక్కడ రాయలేదు. మా అన్న పనిచేసేది టీవీలో మీరు చూస్తున్న ఆ ఊళ్లోనే. నాలుగు రోజులు ఫోన్ కలవలేదు. ఇంట్లో ఉండలేక ఆదివారం చర్చికి వెళ్లాను. మూడో వరసలో కూర్చున్నా. అందరూ పాడుతున్నారు, నేను ఒళ్లో ఫోన్ పెట్టుకుని వాట్సాప్‌లో ఆ ఒక్క టిక్కు రెండవుతుందేమోనని చూస్తున్నా. ఆరాధనలో ఫోన్ చూడకమ్మా అని వెనకనుంచి ఒకాయన భుజం తట్టారు.

సోమవారం పొద్దున రెండో టిక్కు పడింది. బాగానే ఉన్నాడు. తన గదిలో ఉండే ఇద్దరు లేరు.

క్రమం మారుస్తారా అని అక్క అడిగింది కదా. ఇక్కడ ఎవరివాళ్లైనా అక్కడ ఉన్నారా అని ఒక్కమాట అడిగుంటే చాలు నాకు.

డ్రమ్స్ తమ్ముడు (మంగళవారం, రాత్రి 9:15)
సారీ అక్కా. వేరే ఏమనాలో తెలియట్లేదు.

గుడ్డిగవ్వ (మంగళవారం, రాత్రి 9:50)
ఒంటి బూటు గురించి ఇంకో మాట, అది ఎడమకాలిది.

పాస్టరమ్మ (మంగళవారం, రాత్రి 10:33)
అందరూ పాస్టర్లని ఉతికేస్తున్నారు కాబట్టి మా ఇంట్లో శనివారం రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. ప్రసంగం శుక్రవారానికే సిద్ధం. వార్త వస్తుంది. చింపెయ్యాలా, పైన రెండు వాక్యాలు అతికించాలా? పదకొండు గంటలకి ఒక పెద్దమనిషి ఫోన్, రాజకీయం మాట్లాడకండి అని. పదకొండున్నరకి ఇంకొకరు, మౌనంగా ఉంటే పిరికితనం అని. తెల్లవారుజామున మూడింటికి ఈయన వంటగదిలో లైటు వేసుకుని కూర్చునుంటారు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి. 2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మర్నాడు. నాన్నగారు సమాధానకర్త అనే అంశం మీద ప్రసంగించి బయటికి రాగానే ఎవరో రేడియోలో విన్న సునామీ వార్త చెప్పారు. ఆయన మళ్లీ లోపలికి వెళ్లి గంట కొట్టించారు. సగంమంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు. నాన్నగారు పుల్పిట్ ఎక్కలేదు. మొదటి బెంచీలో మాలాగే కూర్చున్నారు. ఏం ప్రార్థించారో నాకు గుర్తులేదు. నక్షత్రం లైట్లు ఆపించిన సంగతి గుర్తుంది.

మోడరేటర్ (బుధవారం, ఉదయం 8:00)
నాలుగు కామెంట్లు తీసేశాం, అన్నీ ఏ దేశం మీదికి తీర్పు వచ్చింది అనే వాదన. మళ్లీ మొదలైతే చర్చకి తాళం పడుతుంది. బూట్ల గురించి కూడా ఇక చాలు.

పలక బలపం (బుధవారం, మధ్యాహ్నం 12:20)
పిల్లల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, గమనించారా? నేను సండే స్కూల్ టీచర్ని. ఎనిమిదేళ్ల వాడొకడు, "వాళ్లు కూడా ప్రార్థన చేసే ఉంటారు కదా టీచర్, పైకప్పు పడేటప్పుడు?" అన్నాడు. చేతిలో ఆ రోజు పాఠం, దానియేలు సింహాల గుహ, ప్రార్థన చేసేవాణ్ణి దేవుడు కాపాడిన కథ. ఆ పాఠం చెప్పలేకపోయాను. తెలీదురా అన్నాను. పైనుంచి సూపరింటెండెంట్ గారు, తెలీదని పిల్లలకి చెప్పకూడదు, విశ్వాసం సడలుతుంది అన్నారు. అన్నీ పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, తెలిసినట్టు మాట్లాడటం మొదలెట్టాకే కదా చెడిపోయారు అన్నాను. వచ్చే నెలనుంచి నాకు క్లాసు ఉందో లేదో చూడాలి.

వెనకబెంచీ (ఆదివారం, రాత్రి 8:55)
ఇవాళ జరిగింది చెప్తాను. ప్రకటనలు చివరికి జరిపాం. మొదట్లో పాస్టరుగారు, మన కుటుంబాల్లో ఎవరివాళ్లైనా అక్కడ ఉన్నారా అని అడిగారు. ముగ్గురు లేచారు. ఒకాయన్ని పదేళ్లుగా చూస్తున్నాను, ఆయన చెల్లెలు అక్కడుందని నాకు తెలీదు. 88వ కీర్తన చదివాం. అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి ఏమీ ఉండదు. చదవడం అయ్యాక పాట లేదు. డ్రమ్స్ అబ్బాయి స్టిక్స్ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపో చూడలేదు. ఎవరో దగ్గారు, ఒక చంటిపిల్ల ఏడ్చింది. తర్వాత ఇద్దరు పెద్దలు, కమిటీలో లేని ఒకామె, ముగ్గురూ అందరి ముందే కానుక లెక్కపెట్టి బోర్డు మీద రాశారు. అదొక్కటి మాత్రం ట్రెజరర్ మాజీ గారి పుణ్యం.

ఇది ఆరాధనలా లేదు, సంతాపసభలా ఉంది అని ఒకాయన గొణుగుతూ వెళ్లారు.

బూరధ్వని (ఆదివారం, రాత్రి 9:10)
ఆయన చెప్పింది కరెక్టే.

సమాజం సెక్రటరీ (ఆదివారం, రాత్రి 9:42)
బట్టలు పంపలేదు. చర్చి ఆవరణలోనే అమ్మాం, వచ్చింది కానుకలో కలిపాం. సీనియర్ గారు సంతోషించొచ్చు. కోటు మాత్రం అమ్మలేదు. ఆమెకే తిరిగిచ్చేశాం. అమ్మకం రోజు బల్ల దగ్గర కూర్చుని డబ్బులు లెక్కపెట్టింది ఆమే.

రిలీఫ్ సీనియర్ (ఆదివారం, రాత్రి 9:50)
మంచి పని చేశారమ్మా. రుమాలు?

సమాజం సెక్రటరీ (ఆదివారం, రాత్రి 9:51)
జేబులోనే ఉంది.