లెట్రోజోల్‌తో ఎముకలు గుల్లబారకుండా ఏం చెయ్యాలి?

ప్రశ్న:
అమ్మకి 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. అది తిరిగి రాకుండా లెట్రోజోల్ 2.5 మి.గ్రా. మాత్ర మొదలుపెట్టి రెండు నెలలు. డెక్సా స్కాన్‌లో (ఎముకల గట్టిదనం చూసే ఎక్స్‌రే పరీక్ష) టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్‌లో ఎంత కిందికి దిగితే ఎముక అంత పలచన) తుంటి దగ్గర మైనస్ 2.1, నడుము దగ్గర మైనస్ 1.2. కాల్షియం మాత్ర ఒక్కటే రాశారు, పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటోంది. సరిపోతుందా అండీ?

జవాబు 1:
ముందు ఆ కలిపి వేసుకోవడం మాన్పించండి. కాల్షియం థైరాయిడ్ మందుని పేగుల్లోనే పట్టేసి ఒంటికి ఎక్కనివ్వదు. మధ్యలో 4 గంటలు ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర కార్బొనేట్ రకం అయితే భోజనంతో, సిట్రేట్ రకం అయితే ఎప్పుడైనా. అట్ట మీద కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉన్నా అసలు కాల్షియం 500 మాత్రమే. తిండితో కలుపుకుని రోజుకి 1200 చాలు. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350, 200 మి.లీ. పాలలో 240 దాకా వస్తుంది.

జవాబు 2:
కాల్షియం ఒక్కటే ఈ నష్టాన్ని ఆపలేదు. ముట్లుడిగాక ఒంట్లో మిగిలే కాస్త ఈస్ట్రోజన్‌నీ లెట్రోజోల్ తయారవనివ్వదు, దాంతో ఎముకని కొరికే కణాలకి కళ్లెం ఊడుతుంది. నడుము స్కోరు చూసి మురిసిపోకండి. అరిగిన వెన్నుపూసల అంచున పెరిగే ఎముక లెక్కని ఎక్కువ చేసి చూపిస్తుంది. తుంటిదే పట్టుకోండి. లెట్రోజోల్ వాడేవాళ్లకి స్కోరు మైనస్ 2 కన్నా కిందికి దిగితే ఎముకల మందు కూడా వాడాలన్నది నిపుణుల మాట. మామూలుగా జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ 4 మి.గ్రా., ఆరు నెలలకోసారి, సెలైన్‌లో 15 నిమిషాలకి తగ్గకుండా. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), కాల్షియం, విటమిన్ డి చూడాలి. డి తక్కువుండగా ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి మూతి చుట్టూ, వేళ్లకి తిమ్మిర్లొస్తాయి. మొదటిసారి ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి, పారాసిటమాల్‌తో తగ్గుతాయి.

జవాబు 3:
కిడ్నీలు బలహీనమైతే దాని బదులు డెనోసుమాబ్ అనే ఇంకో ఎముకల ఇంజెక్షన్ 60 మి.గ్రా., ఆరు నెలలకోసారి చర్మం కింద. దీంతో ఒక్కటే పేచీ: పెళ్లనో, ఊరెళ్లామనో వాయిదా వేశారంటే ఆగిన అరుగుదల రెట్టింపు వేగంతో తిరిగొచ్చి, వెన్నుపూసలు ఒకేసారి రెండు మూడు కూలిపోవచ్చు. మానెయ్యాలన్నా వెనకే జోలెడ్రోనిక్ పడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఒక దవడ పన్ను పీకించాల్సి ఉందండీ.

జవాబు 2:
అయితే ముందు అదే. పీకించి, చిగురు పూర్తిగా మానిందని పళ్ల డాక్టరు చెప్పాకే మొదటి ఇంజెక్షన్. ఇంజెక్షన్ పడ్డాక పీకిస్తే, అరుదే గానీ, దవడ ఎముక మానక బయటపడుతుంది.