జెనెటిక్ అల్గారిథమ్‌ను ‘తెలివైన పద్ధతి’ అనొచ్చా?

డెలివరీ రూట్ల దూరం తగ్గించే ప్రాజెక్ట్ చేస్తున్నాను. వాడింది జెనెటిక్ అల్గారిథమ్. మా గైడ్ గారు శీర్షికలో ‘తెలివైన పద్ధతి’ అని పెట్టమంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. అది చేసేదల్లా కొన్ని రూట్లను కలపడం, అక్కడక్కడా మార్చడం, పొడవైనవాటిని వదిలేయడం. ఏది మంచి రూటో తేల్చే సూత్రం కూడా నేను రాసిచ్చిందే! 1997లో చెస్ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల ఆట స్థితులు పరిశీలించగలిగేది. దాన్ని తెలివి అనాలా, వేగం అనాలా?

కానీ ఈ రంగానికి పునాది వేసిన 1956 డార్ట్‌మత్ సదస్సు నుంచీ ‘కృత్రిమ మేధ’ (AI) అని దాని పేరులోనే మేధ ఉంది. వైవాలో ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పను? డేటా నుంచి నేర్చుకునేవాటికే ఆ మాట వాడాలా, ఫలితం బాగుంటే చాలా? మీరైతే ఏది చూసి నిర్ణయిస్తారో చెప్పండి. శీర్షిక ఈ వారమే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.