నీళ్లలో ‘జోక్యం’ కలుగుతుందా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
మా అపార్ట్‌మెంట్ మోటారు కాలిపోయింది. సెక్రటరీ గారు ఊళ్లో లేరు, నోటీసు రాసే పని నా నెత్తిన పడింది. నాది ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియమే. ‘ఇంటరప్షన్’కి తెలుగు మాట ఫోన్లో వెతికితే ‘జోక్యం’ అని చూపించింది. “నీటి సరఫరాలో జోక్యం కలిగినందుకు చింతిస్తున్నాం” అని రాసి లిఫ్టు పక్కన అంటించా. సాయంత్రానికల్లా కింద ఎవరో పెన్సిల్‌తో “చేసుకున్నదెవరు? రెండో ఫ్లోరా, మూడో ఫ్లోరా?” అని రాశారు. పక్కింటి మామ్మగారేమో “అంతరాయం అనాలి నాయనా” అన్నారు. రెండూ మధ్యలో దూరడమేగా, తేడా ఎక్కడుంది?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు. రిటైరైన తెలుగు మాస్టారు):
మామ్మగారిదే రైటు అబ్బాయ్. మాట పక్కన ఏ క్రియ వస్తుందో చూడు, సగం తేలిపోతుంది. జోక్యం ‘చేసుకుంటారు’. ‘కలగజేసుకుంటారు’ అన్నా అంతే, తనంతట తాను నెత్తినేసుకోవడం. దానికి మనిషి కావాలి, లేదా కోర్టో ప్రభుత్వమో కావాలి. అంతరాయం ‘కలుగుతుంది’. మోటారు కాలినా చాలు, చెట్టు కొమ్మ తీగ మీద పడినా చాలు.

ఇక నువ్వన్న మధ్యలో దూరడం అసలు అంతరాయంలోనే ఉంది. ‘అంతర్’ అంటే నడుమ, ‘ఆయ’లో ఉన్నది పోవడం అనే అర్థమున్న ‘ఇ’ ధాతువు. నడుమకు వచ్చి పడేది అన్నమాట. పతంజలి యోగసూత్రాల్లో 9 అంతరాయాలు చెప్పాడు. మొదటిది వ్యాధి. సంశయం, ఆలస్యం కూడా ఆ జాబితాలోవే. ఆలస్యమంటే అక్కడ లేటు కాదు, సోమరితనం. మా స్టూడెంట్లకి ఆ సూత్రం చెబితే నవ్వేవాళ్లు, వాళ్లకి తొమ్మిదీ ఉండేవి.

జవాబు (పున్నమ్మతోట, విజయవాడ):
మా ఇల్లు రేడియో స్టేషన్‌కి దగ్గర. చిన్నప్పుడు పాట మధ్యలో ఆగితే “అంతరాయానికి చింతిస్తున్నాం” అనేవాళ్లు. నాకు ఆ మాట నేర్పింది బడి కాదు, రేడియోనే. మాస్టారూ, ఒక సందేహం. “సభకు అంతరాయం కలిగించారు” అని పేపర్లో రాస్తారు కదా, అక్కడున్నది మనుషులేగా?

బ్రాడీపేట:
మంచి ప్రశ్న తల్లీ. మనిషి చేస్తే ‘కలిగించాడు’ అంటాం. అందులో తప్పు పట్టడం ఉంటుంది. జోక్యంలో ఆ తప్పు ఉండితీరాలని లేదు. అన్నదమ్ముల గొడవలో పెద్దమనిషి జోక్యం చేసుకుంటే సంతోషిస్తాం, అదే మనిషి నువ్వన్న సభలో మైకు లాక్కుంటే అంతరాయం.

జవాబు (తెనాలి, కరెంటు పని చేస్తా):
నాదో మాట. ముందే చెప్పి లైను ఆపితే దాన్ని మేం ‘నిలిపివేత’ అంటాం. ఉన్నట్టుండి పోతేనే అంతరాయం. పేపర్లో రెండూ కలిపేస్తారు, అది వేరే సంగతి.

సత్యనారాయణపురం:
అయితే మోటారుకి అంతరాయం, మంగళవారం ట్యాంకు కడగడానికి నిలిపివేత. రెండు నోటీసులూ మార్చి అంటించా. పెన్సిల్ ఆయన ఈసారి “ట్యాంకరు ఎప్పుడొస్తుంది?” అని మాత్రమే రాశారు.