సంతలో చచ్చిన కోళ్ల మాంసం అమ్ముతున్నారని అనుమానం. ఫిర్యాదు ఎలా చేయాలండి?

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆదివారం సంతలో ఒకతను చికెన్‌ని మామూలు రేటు కంటే బాగా తక్కువకి ఇస్తున్నాడు. కళ్లెదుట కోయడు, ముందే ముక్కలు కొట్టి ఐస్‌లో పెట్టి తెస్తాడు. ముక్క నల్లగా, రక్తం లోపలే గడ్డకట్టి ఉంటోంది. ఫారాల్లో చచ్చినవే తెస్తున్నాడని ఊళ్లో సగం మందికి అనుమానం. అయినా కొంటున్నారు! 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ జనమే చికెన్ కొట్టు వైపు చూడలేదు.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 59వ సెక్షన్ ప్రకారం సురక్షితం కాని తిండి అమ్మితే, తిన్నవాళ్లకి ఏమీ కాకపోయినా జైలు, జరిమానా ఉన్నాయి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 275వ సెక్షన్‌లోనూ హానికరమైన తిండి అమ్మడం నేరమే. కానీ పాత ఐపీసీలోని ఇలాంటి సెక్షన్ కంటే ఆహార భద్రత చట్టం 59వ సెక్షనే పైచేయి అని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి రెండూ కలిపి పెట్టడం కుదరదనుకుంటున్నాను. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. చెప్తే అమ్ముతాడా అండి?

ఇలా పరీక్ష చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బిల్లు లేకుండా కుదురుతుందా? ల్యాబ్‌కి చేరేలోపు మాంసం పాడైతే రిపోర్టు చెల్లుతుందా? కోడి కోయకముందే చచ్చిందని పరీక్షలో తేలుతుందా? లేక ఇవన్నీ వదిలేసి నేరుగా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కే ఫిర్యాదు ఇవ్వడం మేలా? ఒకే ఊరి వాళ్లం, నా పేరు బయటికి వస్తుందేమోనని అదో టెన్షన్.