కన్వర్టిబుల్ డీటెయిలింగ్: గుడ్డ రూఫ్ సంగతేంటి, లోపల లెదర్‌కి ఏం వాడాలి?

గాలిబండి (కొండాపూర్)

అందరికీ నమస్కారం. రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ జడ్4 తీసుకున్నాను, 2019లో వచ్చిన గుడ్డ రూఫ్ కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచి తెరిచే కారు. నీలం బాడీ, నల్ల రూఫ్, లోపల ఐవరీ సీట్లు. ఎన్నేళ్ల కలో చెప్పను, మా ఇంట్లోవాళ్లు కూడా ఇక్కడ చదువుతారు. పది సెకన్లలో రూఫ్ తెరుచుకుంటుంది, 50 కిలోమీటర్ల స్పీడులోపు నడుస్తూ కూడా తెరవచ్చు, కానీ ఇప్పటికి తెరిచింది నాలుగే నాలుగుసార్లు, అదీ పొద్దున ఆరింటికి. ఎనిమిది దాటాక హైదరాబాద్‌లో టాప్ తీస్తే కారు కాదు, చెత్తబుట్ట నడుపుతున్నట్టే.

సమస్య పార్కింగ్. అపార్ట్‌మెంట్‌లో కవర్ ఉన్న చోటు ఒక్కటే, అక్కడ నాన్నగారి కారు. నాది బయట కానుగ చెట్టు కింద. ఏప్రిల్ నుంచి పూలు రాలుతూనే ఉన్నాయి, పైన పావురాలు. రూఫ్ మీద అక్కడక్కడా బూడిద రంగు మచ్చలు వచ్చాయి, నీళ్లు పోస్తే ముందులా జారిపోవడం లేదు, పీల్చేసుకుంటోంది. డోర్ల మీద ఎండలో చూస్తే సాలెగూడులా గీతలు (పాత ఓనర్ దగ్గర వాచ్‌మన్ పొడిగుడ్డతో రోజూ తుడిచేవాడట), బానెట్ మీద బోరు నీళ్ల మరకలు, డ్రైవర్ సీటు అంచు జీన్స్ రంగు దిగి నీలంగా మారింది. వీటన్నిటికంటే చికాకు ఏంటంటే డిక్కీ తెరిస్తే తడిసి ముక్కిపోయిన గోనెసంచి వాసన.

ఒక షాపులో రూఫ్‌తో సహా సిరామిక్ కోటింగ్ (గట్టి రక్షణ పూత) 45 వేలు చెప్పారు. ఇంకొకాయన సర్ఫ్ వేసి బ్రష్‌తో తోమేస్తే చాలన్నాడు. అమ్మ అయితే కుంకుడుకాయ రసం అంటోంది, సీరియస్‌గానే. వానలు మొదలయ్యేలోపు అవ్వాలి. ఏది ముందు చేయాలి, ఏది నేనే చేసుకోవచ్చు, ఏది షాపుకి ఇవ్వాలి?

రెండుబకెట్లు (మియాపూర్)

తమ్ముడూ, నేను ఈ డీటెయిలింగ్ పని, అంటే కార్లని లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని చేసి బతికేవాణ్ణి, షాపు పేరు చెప్తే యాడ్ అంటారు కాబట్టి చెప్పను. 45 వేలు ఇచ్చే ముందు డిక్కీలో ఆ వాసన ఎందుకొస్తోందో చూడు. గీతలు ఇవాళ ఉన్నాయి, వచ్చే ఏడు కూడా అలాగే ఉంటాయి, వాటివల్ల కొంప మునగదు. నీళ్లు అలా కాదు, అవి వైరింగ్ దాకా పోతాయి.

రూఫ్ మడిచి దాచే తొట్టి ఉంటుంది చూడు సీట్ల వెనక, చాలా కన్వర్టిబుల్స్‌లో దానికి రెండు మూలల్లో డ్రెయిన్లు ఉంటాయి, రూఫ్ అంచుల్నుంచి కారిన నీళ్లు వాటిలోంచి కారు కిందికి పోవాలి. నీ కానుగ పూలన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నావు? నీ మోడల్‌లో డ్రెయిన్లు సరిగ్గా ఎక్కడున్నాయో సర్వీస్ వాళ్లని అడిగి, రూఫ్ సగం తెరిచి టార్చి వేసి చూడు. కొన్ని బండ్లలో సగంలో ఆపితే రూఫ్ మెల్లగా దిగిపోతుంది, అందుకని పక్కన ఒకరిని పట్టుకోమను, ఇగ్నిషన్ ఆఫ్ చేయకుండా చెయ్యి పెట్టకు.

ఇక పెయింట్. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి ఉజ్జాయింపుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకల మందం. అందులో పాలిష్ చేయడానికి పనికొచ్చేది పైన క్లియర్ కోట్ ఒక్కటే, అది 40, 50 మైక్రాన్లు ఉంటుందంతే. పాత ఓనర్ ఎన్నిసార్లు రుద్దించాడో నీకు తెలియదు కాబట్టి, ఎవరికిచ్చినా ముందు గేజ్ పెట్టి మందం చూడమను, చూడకుండా మిషన్ ఎత్తేవాడి దగ్గర బండి వదలకు. ముందు రెండు బకెట్లతో వాష్ (ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు), తర్వాత ఐరన్ రిమూవర్ (బ్రేకుల్నుంచి వచ్చిన ఇనప రజను కరిగి ఊదారంగులో కారుతుంది, మొదటిసారి చూసినవాళ్లు భయపడతారు), తర్వాత క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), అప్పుడు పాలిష్. పాలిష్ పెట్టేటప్పుడు రూఫ్ మొత్తం ప్లాస్టిక్ షీటుతో కప్పి టేపు వేయాలి. మామూలు కార్లు చేసి అలవాటైనవాళ్లు మర్చిపోయేది ఇదే, తెల్ల కాంపౌండ్ (పాలిష్ పేస్టు) చుక్క నల్లగుడ్డ నేతలోకి దిగిందంటే గోళ్లతో గీకినా రాదు.

బోరు నీళ్ల మరకలకి తెల్ల వెనిగర్ సగం నీళ్లు కలిపి నీడలో, చల్లటి బానెట్ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగెయ్. పోకపోతే అవి పెయింట్‌లోకి దిగినట్టు, పాలిష్ తప్పదు. ఇంకోటి, మన ఊళ్లో చాలామంది ఆర్‌ఓ మెషీన్ నుంచి వేస్ట్‌గా పోయే నీళ్లు పట్టి కారు కడుగుతారు, నీళ్లు ఆదా అని. ఆర్‌ఓ తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది బాబూ. ఇల్లు తుడుచుకోండి వాటితో, కారుకి వద్దు.

ఫ్రిస్కో_టాప్‌డౌన్ (టెక్సాస్)

నాది మజ్దా మియాటా, గుడ్డ రూఫే, లగ్జరీ కాదు కానీ గుడ్డ ఎక్కడైనా గుడ్డే. మా దగ్గర వసంతంలో ఓక్ చెట్ల పుప్పొడి పడి నల్లకారు ఆవపిండి చల్లినట్టు అయిపోతుంది, కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. రూఫ్ గురించే చెప్తాను, మిగతాది పెద్దలు చెప్పారు.

ఈ గుడ్డలో మూడు పొరలు ఉంటాయి. పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, లోపల లైనింగ్. నీళ్లని ఆపేది మధ్యలో రబ్బరు పొర. పైన వేసే స్ప్రే గుడ్డ నీళ్లు పీల్చుకోకుండా చూస్తుంది, అంతే. అందుకని నీళ్లు జారడం లేదంటే వెంటనే కారుతున్నట్టు కాదు, టెన్షన్ వద్దు. కానీ పీల్చుకున్న గుడ్డ త్వరగా ఆరదు, ఆరని గుడ్డని మడిచి పెడితే బూజు పడుతుంది. తడి రూఫ్‌ని మడవద్దు అని మాన్యువల్‌లో రాసేది అందుకే.

నేను చేసే పద్ధతి ఇది. ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో దుమ్మంతా తీసేస్తాను, ఎందుకంటే దుమ్ము మీద నీళ్లు పోస్తే బురదని మనమే నేతలోకి తోసినట్టు. తర్వాత మొత్తం తడిపి, గుడ్డ రూఫ్‌ల కోసం అమ్మే క్లీనర్ కొట్టి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో నేత ఎటుంటే అటు, ఒక్కోసారి రెండు చేతుల వెడల్పు భాగం మాత్రమే. గుండ్రంగా తిప్పకండి, నూగు లేస్తుంది. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది, తడి వాక్యూమ్‌తో ఆ మురికి నీళ్లని లాగెయ్యాలి. బ్రష్ మురికిని లేపుతుంది కానీ బయటికి తీయదు. మొదటిసారి నా వాక్యూమ్ డబ్బాలో వచ్చిన నీళ్లు చూసి మా ఆవిడ ఫిల్టర్ కాఫీ డికాషన్ అనుకుంది.

తర్వాత పూర్తిగా ఆరాలి. కనీసం ఒక రోజంతా, నీడలో, రూఫ్ మూసి. కుట్ల దగ్గర వేలు పెట్టి చూడండి, అక్కడ చివరికి ఆరుతుంది. అప్పుడు అద్దాలు, బాడీ కప్పేసి ఫాబ్రిక్ ప్రొటెక్టెంట్ రెండు పల్చటి కోట్లు. నేను 303 ఫాబ్రిక్ గార్డ్ వాడతాను, రాగ్‌టాప్ కంపెనీ స్ప్రే కూడా బాగుంటుందంటారు. రూఫ్‌కి సిరామిక్ అన్నవాళ్లని ఏ సీసా అని అడగండి, గుడ్డకి వేరే ఉంటుంది, పెయింట్ మీద వేసేదే ఇక్కడా వేస్తామంటే దండం పెట్టి వచ్చేయండి.

సర్ఫ్ వద్దు. క్షారం ఎక్కువ, ఉన్న కాస్త వాటర్‌ప్రూఫింగ్‌ని కూడా లాగేస్తుంది. అమ్మగారి మాటని నవ్వి తీసేయకండి కానీ, పట్టుచీరలకి కుంకుళ్లు వాడేది ఘాటు తక్కువనే కదా. కాకపోతే చీరని బకెట్‌లో ముంచి పదిసార్లు జాడిస్తారు, రూఫ్‌ని ఎలా జాడిస్తాం? ఆ గోధుమరంగు రసం కుట్లలో ఉండిపోతుంది.

పావురాల రెట్టకి, తడిగుడ్డ ఐదు నిమిషాలు దాని మీద పరిచి ఉంచి, నానాక ఎత్తేయండి. రుద్దకండి. వారం వదిలేస్తే గుడ్డే చెడుతుంది.

ప్రెషర్ వాషర్ మాత్రం రూఫ్ దరిదాపులకి రానివ్వకండి.

రెండుబకెట్లు (మియాపూర్)

ఫ్రిస్కో బ్రదర్, అంతా ఒప్పుకుంటాను, ప్రెషర్ వాషర్ ఒక్కటి తప్ప. వెడల్పు నాజిల్ పెట్టి, మీటరు దూరం నుంచి, ఏటవాలుగా కొడితే ఏమీ కాదు, రోజూ చేస్తున్నాం. గుడ్డా అద్దం కలిసే చోట, కుట్ల మీద సూటిగా కొట్టకూడదు, అంతే.

ఫ్రిస్కో_టాప్‌డౌన్ (టెక్సాస్)

మీ చేతిలో ఏమీ కాదన్నా. రోడ్డు పక్కన వాటర్ వాష్ కుర్రాడికి ఇస్తే మీటరు కాస్తా జానెడవుతుంది, నా భయం అదీ.

ఉప్పుగాలి (విశాఖ)

గాలిబండి తమ్ముడూ, డ్రెయిన్ గురించి మియాపూర్ ఆయన చెప్పింది ఇవాళే చెయ్యి, ఆదివారం దాకా ఆగకు. మాది లాసన్స్ బే కాలనీ, ఇంటికీ సముద్రానికీ మధ్య ఒక రోడ్డు. మా బండి ఏదో అనవసరం, అది బండి తప్పు కాదు, మా తప్పే. మూడేళ్ల కింద ఇలాగే లోపల వాసన వస్తోందని ఒక షాపులో ఇస్తే ఓజోన్ మెషీన్ పెట్టి గంటల తరబడి వదిలేశారు. నాలుగు రోజులు హాస్పిటల్ వాసన, ఐదో రోజు మళ్లీ పాత వాసన. కార్పెట్ ఎత్తి చూస్తే కింద స్పాంజ్ పిండితే మగ్గెడు నీళ్లు. సీటు కింద ఉండే ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటి ఆ నీళ్లలోనే ఉంది, దాని బిల్లు గుర్తొస్తే ఇప్పటికీ మా ఆయన మాట మార్చేస్తారు. మొత్తం దేనివల్ల? ఒక డ్రెయిన్‌లో బాదం ఆకు ముక్క. పైగా ఓజోన్ ఎక్కువసేపు పెడితే రబ్బరుని చీలుస్తుంది, కన్వర్టిబుల్‌లో ఉన్నదంతా రబ్బరు సీళ్లే కదా, అది మాకు తర్వాత తెలిసింది.

డ్రెయిన్‌లో గాలి కంప్రెసర్ పెట్టకు, లోపల పైపు ఊడితే నీళ్లు సరాసరి కారులోకే. గడ్డి కోసే మిషన్‌కి వేసే నైలాన్ తీగ ఉంటుంది, దాని కొన దీపం దగ్గర కాస్త కాల్చి గుండ్రంగా చేసి మెల్లగా దింపు. సీళ్లకి సిలికాన్ గ్రీజ్ పల్చగా, ఆరు నెలలకోసారి. పెట్రోలియం జెల్లీ, ఇంజన్ ఆయిల్ లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

ఐవరీ సీట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పటి కార్ల లెదర్ మీద రంగు, దాని మీద పల్చటి పూత ఉంటాయి, నువ్వు శుభ్రం చేసేది ఆ పూతనే. లెదర్ క్లీనర్ నురుగుని మెత్తటి బ్రష్ మీద వేసుకుని (సీటు మీద కాదు) సున్నితంగా తోమి, మైక్రోఫైబర్‌తో అద్ది తీసెయ్. జీన్స్ రంగు ఒక్కసారికి పోదు, మూడు నాలుగుసార్లు చెయ్యాలి. కొత్తగా ఎక్కిన రంగయితే పోతుంది, ఏళ్లనాటిదయితే కొంత మిగులుతుంది, ఒప్పేసుకో. తెల్ల మ్యాజిక్ స్పాంజ్‌తో ఒక్క రుద్దుకే పోతుంది, పూత కూడా దాంతోపాటే పోతుంది. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని ఎవరైనా చెప్తారు, చెప్పి తీరతారు. రెండు రోజులు మెరిసి, తర్వాత టాప్ తీసిన ప్రతిసారీ ఊళ్లో దుమ్మంతా ఆ జిడ్డుకి అంటుకుని సీటు అప్పడాల పీటలా తయారవుతుంది.

డాష్‌బోర్డ్‌కి మెరిసే పాలిష్ వద్దు, టాప్ తీసినప్పుడు ఎండ అద్దంలో కనిపించి కళ్లు బైర్లు కమ్ముతాయి. మ్యాట్‌గా ఉండేది వాడు. ఏసీ గ్రిల్స్‌కి పెయింటింగ్ బ్రష్, ఇంకో చేత్తో వాక్యూమ్.

గాలిబండి (కొండాపూర్)

పది రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి సారీ.

అక్క చెప్పిన రోజు సాయంత్రమే టార్చి వేసి చూశాం. కుడివైపు డ్రెయిన్ బాగానే ఉంది. ఎడమవైపు అర గ్లాసు నీళ్లు పోస్తే కదల్లేదు, అలా నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి. నైలాన్ తీగ జానెడు దిగి ఆగింది, తిప్పి తిప్పి లాగితే టీ వడకట్టాక మిగిలే మడ్డి లాంటిది వచ్చింది, అందులో ఇంకా రంగు పోని కానుగ రేకులు, ఒక పెన్ను క్యాప్. పెన్ను నాది కాదు. ఆ తర్వాత నీళ్లు గుడగుడమని దిగి వెనక చక్రం దగ్గర నేల మీద పడ్డాయి, ఆ చప్పుడుకి వాచ్‌మన్ కూడా వచ్చి చూశాడు. డిక్కీ లైనింగ్ తీసి రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టాను, వాసన ముప్పావు వంతు పోయింది.

రూఫ్ నేనే చేశాను, ఫ్రిస్కో అన్న పద్ధతిలో, శనివారం మొత్తం పట్టింది, నడుం ఆదివారం మొత్తం పట్టింది. వాక్యూమ్‌లో నీళ్లు డికాషన్ కాదు, బొగ్గు కడిగినట్టు వచ్చాయి. బూడిద మచ్చల్లో రెండు పోలేదు. స్ప్రే వేశాక మగ్గుతో నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు ముత్యాలై దొర్లిపోయాయి, అది చూడ్డానికి అమ్మని కిందికి పిలిచాను. కుంకుళ్లతో కూడా ఇంతే వచ్చేది అంది.

సీటు అంచు మూడుసార్లు తోమాను, లేత నీలం ఇంకా ఉంది, వదిలేశాను. పెయింట్ షాపుకే ఇచ్చాను, 45 వేల షాపు కాదు, గేజ్ పెట్టి చూసిన ఇంకో చోట. డ్రైవర్ డోర్ మీద మందం తక్కువుందని అక్కడ గీతలు పూర్తిగా తీయనన్నాడు, ఆ మాట అన్నందుకే అతనికి ఇచ్చాను. సిరామిక్ వేయించలేదు, మామూలు సీలెంట్ పూతతో సరిపెట్టాం.

పార్కింగ్ కూడా మారింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు కానీ ఇప్పుడు కానుగ చెట్టు కింద ఆయన స్విఫ్ట్ ఉంది.

రెండుబకెట్లు (మియాపూర్)

స్విఫ్ట్‌కి కూడా డ్రెయిన్లు ఉంటాయి తమ్ముడూ. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది, బానెట్ ఎత్తి ఆ రెండు మూలలూ చూడు, నాన్నగారు చూడకముందే.