దుర్గం ఎక్కించే గైడ్‌కు సర్టిఫికెట్ ఉండాలా, కొండ తెలిసుంటే చాలా?

కావలి నడక (చర్చ మొదలు)

ఉదయగిరి దుర్గం, పెంచలకోన, భైరవకోన... శని, ఆదివారాలు వస్తే చాలు, మనిషికింత అని డబ్బు తీసుకుని ట్రెక్కింగ్‌కు తీసుకెళ్తున్నారు. అలా తీసుకెళ్లే ప్రతి గైడ్‌కూ ప్రథమ చికిత్స శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా? చేయాలనే నేనంటాను.

పోయిన డిసెంబరులో 14 మందిమి దుర్గం ఎక్కాం. సుమారు 3,000 అడుగుల కొండ. 1514లో ఈ కోటను పట్టుకోవడానికి రాయలవారికే నెలల తరబడి ముట్టడి తప్పలేదు. దిగేటప్పుడు పాకుడు పట్టిన రాతి మీద మాలో ఒకమ్మాయి జారిపడింది. చీలమండ విరిగింది. నిర్వాహకుల మందుల పెట్టె తెరిస్తే నాలుగు బ్యాండ్ ఎయిడ్‌లు, తలనొప్పి బామ్, గడువు దాటిపోయిన అయోడిన్ సీసా ఉన్నాయి. వాళ్లలో ఒకాయన కాలు లాగి సరిచేస్తానని పట్టుకున్నాడు. ఆ అమ్మాయి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సిగ్నల్ లేదు. సగం కొండ దిగాక గానీ 108కి ఫోన్ కలవలేదు. చివరికి దారిలో కనిపించిన మేకల కాపరులు మోసి దించారు. రోడ్డు చేరేసరికి నాలుగున్నర గంటలు.

బయల్దేరే ముందు మాత్రం 'ఏం జరిగినా మాదే బాధ్యత' అనే కాగితం మీద మా అందరి సంతకాలు తీసుకున్నారు.

సీతారామపురం

అన్నా, మీ మాటలోనే జవాబు ఉంది. ఆ పాపను దించింది ఎవరు? మేకలు కాసుకునేవాళ్లు. వాళ్ల దగ్గర ఏ సర్టిఫికెట్ ఉంది?

నేను కొండల్లో దారి చూపించి బతికేవాణ్ని. పైన కొండల్లో మబ్బు కమ్మిందంటే, కింద ఎండ కాస్తున్నా సరే, కోనలోకి ఎవర్నీ దిగనివ్వను. ఎక్కడో పైన పడిన వాన వాగులో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పెద్ద తేనెపట్టు ఉన్న బండ కింద పొగ, కేకలు వద్దంటాను. ఇవన్నీ ఏ క్లాసులో చెప్తారు? సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తే ఫీజు కట్టి టౌన్‌లో నాలుగు రోజులు ఉండగలిగినవాళ్లే గైడ్లవుతారు. కొండ ఎక్కనోడు గైడ్, కొండలో పుట్టినోడు కూలీ. అది మాకు అన్యాయం.

నర్సు, ఆత్మకూరు

తమ్ముడూ, వాగు గురించి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ పాము కాటు సంగతి చెప్తాను, విను.

మా దగ్గరికి తెచ్చే చాలామందికి కాటు పైన తాడు బిగించి ఉంటుంది. ఆ బిగింపుతో రక్తం ఆడక కాలు పాడవుతుంది, ప్రాణం మాత్రం దాంతో నిలవదు. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం కూడా చేటే. కరిచిన మనిషిని నడిపించకూడదు. కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టాలి. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. కరిచిన టైం రాసుకుని, మోసుకుని తేవాలి. పామును చంపి తేవడానికి టైం పాడు చేయొద్దు. మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

రాత్రి బస ట్రిప్పులంటే నాకు ఎక్కువ టెన్షన్. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కాసేపటికి రెప్పలు వాలుస్తుంటే అది అజీర్తి అనుకుని సోడా తాగించే గైడ్ నాకొద్దు. ఎండదెబ్బ కూడా అంతే. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే ముందు నీళ్లు పోసి, విసిరి ఒళ్లు చల్లబరచాలి, తర్వాతే దించాలి. ఇవి కొండ ఎక్కితే వచ్చే తెలివి కాదు, ఎవరో ఒకరు నేర్పాలి.

ఒంగోలు రైడర్

ఇంత చర్చ ఎందుకండీ, ఒక శాటిలైట్ ఫోన్ కొని గైడ్ చేతిలో పెడితే సరిపోతుంది కదా?

గిద్దలూరు

టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ టూరిస్టులు కేసుల్లో ఇరుక్కున్నారు.

గైడ్ గురించే మాట్లాడుతున్నారు, మరి అనుమతుల సంగతి? 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నియమాలు తెచ్చింది. మన కొండల మీదా వేసవిలో గడ్డి అలాగే ఎండి ఉంటుంది. ఎవరెవరు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాసిన కాగితం అటవీ శాఖ వాళ్ల దగ్గరా, కింద ఊళ్లో ఒక మనిషి దగ్గరా ఉండాలి. చెప్పిన టైంకి దిగకపోతే ఆ మనిషే కబురు చేయాలి.

సీతారామపురం

అక్కా, తాడు కట్టడం మా ఊళ్లో అందరూ చేసేదే. నేనూ ఒకసారి కట్టాను. మంచే చేస్తున్నాననుకున్నాను. మీలాంటివాళ్లు మా ఊరికొచ్చి, మా భాషలో, చేయించి చూపిస్తే ఎందుకు నేర్చుకోం? ఫీజు మాత్రం ట్రిప్పు మీద సంపాదించేవాళ్లు కట్టాలి.

కావలి నడక

ఆ మాటకు నేను ఒప్పుకుంటాను తమ్ముడూ. శిక్షణ ఉండాల్సిందేనన్న మాట వెనక్కి తీసుకోను, కానీ అది మీ ఊళ్లో, నిర్వాహకుల ఖర్చుతో జరగాలి. ఆ సంతకాల కాగితంలో 'మందుల పెట్టెలో ఏమున్నాయి, గైడ్ ఏం నేర్చుకున్నాడు, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏది' అని వాళ్లు కూడా రాసి సంతకం పెట్టాలి. ఇంజెక్షన్ నిల్వ ఉందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇంకోటి. రాళ్ల దారిలో ఒక మనిషిని మోయాలంటే ఒక్కసారికి ఆరుగురు కావాలి, కాసేపటికే వాళ్లు అలిసిపోతారు, మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు కావాలి. అలాంటిది ఎనిమిది మందిని ఒక్క గైడ్‌తో పంపిస్తున్నారు. వాళ్లలో ఒకరు పడితే?

వచ్చే ఆదివారం దుర్గం మొదటి మెట్ల దగ్గర మోసి చూద్దాం. మనిషి బదులు 25 కిలోల బియ్యం బస్తాలు రెండు. ఎంతసేపు పడుతుందో రాసుకుందాం. అక్కా, మీకు సెలవు దొరికితే కర్ర కట్టు ఎలా కట్టాలో అక్కడే చూపించండి. తమ్ముడూ, నులక మంచం ఒకటి దొరుకుతుందా మీ ఊళ్లో?

సీతారామపురం

మా ఇంట్లోదే ఉంది. ఎండ ఎక్కకముందే, ఆరింటికల్లా రండి.